ఊరి ఇంటిపై సోలార్: పెట్టించే ముందు మీ కరెంటు బిల్లు చూడండి



ఈ మధ్య ఏ ఊరికి పోయినా, రైతు వేదికలో కూర్చున్నా, పత్తి పురుగు గురించి అడిగే వాళ్లతో పాటు మరో ప్రశ్న అడిగేవాళ్లూ ఎక్కువయ్యారు. "సారూ, ఇంటి మీద సోలార్ ఉట్టిగ పెడతరట గద, మా ఇంటికి గూడ పెట్టిస్తరా?" స్టేషన్ ఘనపూర్ వైపు అయినా, భూపాలపల్లి జిల్లా ఘనపూర్ వైపు అయినా, మహబూబాబాద్ తండాల్లో అయినా ఇదే మాట. చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపించే ఊళ్లలో కూడా ఇంటి మీదే కరెంటు తయారు చేసుకోవాలన్న ఆశ పుట్టింది. మంచిదే.

కానీ ఈ ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. సోలార్ కొన్ని ఇళ్లకు ఐదేళ్లలో పెట్టుబడి తిరిగి ఇస్తుంది. కొన్ని ఇళ్లకు ఎన్నేళ్లయినా తిరిగి ఇవ్వదు. మీ ఇల్లు ఇందులో ఏదో తెలియకుండా లక్షన్నర, రెండు లక్షలు ఖర్చు పెట్టడం గానీ, అప్పు చేయడం గానీ వద్దు. విత్తనం కొనేముందు నేల చూసినట్టే, ప్యానెల్ కొనేముందు బిల్లు చూడాలి. ఆ లెక్క ఎలా వేసుకోవాలో, పెట్టించాలని తేలితే ఏ జాగ్రత్తలు తీసుకోవాలో ఈ వ్యాసంలో వరుసగా చెబుతాను.

ముందుగా పథకం ఏమిటి?

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో 'పీఎం సూర్యఘర్ - ముఫ్త్ బిజిలీ యోజన' ప్రారంభించింది. దేశంలో కోటి ఇళ్లపై సోలార్ పెట్టాలన్నది లక్ష్యం, కేటాయింపు 75,021 కోట్ల రూపాయలు, అమలు కాలం 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు. పేరులో 'ముఫ్త్' అని ఉండటంతో చాలామంది ప్యానెల్ ఉచితం అనుకుంటున్నారు. ప్యానెల్ ఉచితం కాదు. పెట్టుబడి మీరే పెట్టాలి, అందులో కొంత సబ్సిడీగా వెనక్కి వస్తుంది. ఆ తర్వాత తయారయ్యే కరెంటుకు బిల్లు ఉండదు, అందుకే ఆ పేరు.

సబ్సిడీ ఇలా ఉంది:

- 1 కిలోవాట్‌కు 30,000 రూపాయలు
- 2 కిలోవాట్లకు 60,000 రూపాయలు
- 3 కిలోవాట్లు, అంతకు మించి ఎంత పెట్టినా 78,000 రూపాయలు

మన ప్రాంతంలో 3 కిలోవాట్లకు కంపెనీని బట్టి, స్టాండ్ ఎత్తును బట్టి సుమారు 1,80,000 నుంచి 2,10,000 వరకు చెబుతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ సామగ్రిపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కాబట్టి పాత కొటేషన్ చూపిస్తే ఒప్పుకోకండి, కొత్తది రాసివ్వమనండి.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. సబ్సిడీ ముందుగా రాదు. ప్యానెళ్లు బిగించి, మీటరు మార్చి, డిస్కం తనిఖీ పూర్తయ్యాకే మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంటే మొదట మొత్తం సొమ్ము మీరు సమకూర్చుకోవాలి, లేదా బ్యాంకు లోను తీసుకోవాలి.

మీ ఇల్లు ఏ వర్గంలో ఉంది?

పోయిన 12 నెలల కరెంటు బిల్లులు ముందు పెట్టుకోండి. బిల్లులు పారేస్తే మన ఉత్తర డిస్కం యాప్‌లో సర్వీస్ నంబరు కొడితే పాత యూనిట్లు కనిపిస్తాయి, పక్కింటి పిల్లలను అడిగినా తీసిస్తారు. రూపాయలు కాదు, యూనిట్లు చూడండి. తర్వాత కింద ఉన్న నాలుగు వర్గాల్లో మీది ఏదో తేల్చుకోండి.

మొదటి వర్గం: గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లు

తెల్ల రేషన్ కార్డు ఉండి నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తున్నది. మన చిన్న రైతుల్లో ఎక్కువమంది ఈ వర్గమే. రెండు గదులు, మూడు ఫ్యాన్లు, ఒక టీవీ, చిన్న ఫ్రిజ్ ఉన్న ఇంటికి 80 నుంచి 130 యూనిట్లే కాలుతాయి.

మీరు ఈ వర్గంలో ఉంటే నా సలహా సూటిగా చెబుతాను. ఇప్పుడు సోలార్ పెట్టకండి. కట్టని బిల్లులో మిగిలేది ఏమీ ఉండదు. లక్ష రూపాయలు ఇంటి మీద పెట్టి నెలకు సున్నా ఆదా చేసే బదులు, అదే సొమ్ము డ్రిప్‌కో, ఒక పాడి బర్రెకో, పాత అప్పు తీర్చడానికో పెట్టండి. బయటి అప్పుకు నూటికి రెండు రూపాయల మిత్తి కడుతున్న రైతు ముందు ఆ అప్పు తీర్చుకోవడమే అన్నిటికన్నా పెద్ద ఆదా.

రెండో వర్గం: ఎండాకాలంలో మాత్రమే 200 దాటే ఇళ్లు

తొమ్మిది నెలలు జీరో బిల్లు, ఏప్రిల్ నుంచి జూన్ వరకు కూలర్ తిరిగి 220, 240 యూనిట్లు. ఈ ఇళ్లలో ఎండాకాలం బిల్లు చూసి భయపడి సోలార్ వైపు పరుగెత్తుతారు. భయం సహజమే. 200 దాటిన నెలలో గృహజ్యోతి వర్తించదు, పైగా శ్లాబు మారుతుంది. మొదటి 200 యూనిట్లకే యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు, ఆ పైన 300 వరకు 7 రూపాయల 70 పైసలు. 199 యూనిట్లకు సున్నా కట్టిన ఇల్లు 201 యూనిట్లకు వెయ్యి రూపాయలు దాటి కడుతుంది.

ఈ ఇళ్లకు సోలార్ కన్నా చౌకైన మందు ఉంది. పాత ఫ్యాను గంటకు సుమారు 75 వాట్లు లాగుతుంది. కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టే. నాలుగు ఫ్యాన్లు మారిస్తే, రోజుకు 12 గంటల చొప్పున నెలకు 60 యూనిట్లకు పైగా తగ్గుతాయి. ఖర్చు పది, పన్నెండు వేలు. 230 వచ్చే ఇల్లు 170కి దిగి మళ్లీ జీరో బిల్లులోకి వస్తుంది. పాత గుండ్రటి బల్బులు ఎక్కడైనా ఉంటే, బర్ల కొట్టంలో రాత్రంతా వెలిగేది కూడా, ఎల్ఈడీకి మార్చండి. ఇవి చేసి ఒక ఎండాకాలం చూడండి. అప్పటికీ దాటుతుంటే సోలార్ గురించి ఆలోచిద్దాం.

మూడో వర్గం: రేషన్ కార్డు లేక 200 లోపు వాడే ఇళ్లు

ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఉండడం వంటి కారణాలతో కార్డు లేని ఇళ్లు ఇవి. 180 యూనిట్లు వాడితే శ్లాబు ప్రకారం మొదటి 100కి 3 రూపాయల 40 పైసలు, తర్వాతి 80కి 4 రూపాయల 80 పైసలు, మొత్తం 724 రూపాయలు. 2 కిలోవాట్లు పెడితే సబ్సిడీ పోను చేతి నుంచి సుమారు 80,000 పడుతుంది. నెలకు 700 మిగిలితే ఏడాదికి 8,400. పెట్టుబడి తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. చేతిలో సొంత సొమ్ము ఉంటే పెట్టొచ్చు, ప్యానెల్ పాతికేళ్లు ఉంటుంది. అప్పు చేసి మాత్రం పెట్టవద్దు.

నాలుగో వర్గం: ఏడాది పొడవునా 250 దాటే ఇళ్లు

పాడి పెట్టుకొని గడ్డి కోసే మిషన్, నీళ్ల మోటారు తిప్పేవాళ్లు, ఇంట్లోనే కిరాణం పెట్టి డ్రింకుల ఫ్రిజ్ నడిపేవాళ్లు, ఏసీ పెట్టినవాళ్లు, ఉమ్మడి కుటుంబాలు. సోలార్ అసలు మేలు చేసేది వీళ్లకే. 350 యూనిట్ల బిల్లు వేసి చూడండి: మొదటి 200కి 1,020 రూపాయలు, తర్వాతి 100కి 770, ఆ పైన 50కి 9 రూపాయల చొప్పున 450, మొత్తం 2,240. స్థిర ఛార్జీలు వేరు.

ఒక కిలోవాట్ మన ఎండకు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. 3 కిలోవాట్లు నెలకు సుమారు 360. అంటే ఈ ఇంటి వాడకం దాదాపు మొత్తం తీరిపోతుంది, నెలకు రెండు వేలకు పైగా మిగులుతుంది. 1,95,000 ఖర్చులో 78,000 సబ్సిడీ పోతే 1,17,000. ఐదేళ్ల అటూ ఇటూగా పెట్టుబడి తిరిగి వచ్చేస్తుంది. లోను తీసుకున్నా, 7 శాతం వడ్డీతో పదేళ్లకు లక్షకు నెల కిస్తీ సుమారు 1,160 రూపాయలు. మిగిలే సొమ్ము కిస్తీ కన్నా ఎక్కువ కాబట్టి భారం కాదు.

రేట్లు, శ్లాబులు మారుతుంటాయి కాబట్టి మీ తాజా బిల్లు మీద ఉన్న రేటుతో ఇదే లెక్క మళ్లీ వేసుకోండి. కిరాణం, డెయిరీ వంటి వాటికి వేరే కేటగిరీ మీటరు ఉంటే ఈ సబ్సిడీ దానికి రాదు, ఇంటి కనెక్షన్‌కే వస్తుంది. అలాగే వ్యవసాయ బోరు కనెక్షన్‌కు ఈ పథకానికి సంబంధం లేదు. బోరుకు ఎలాగూ ఉచిత కరెంటు ఉంది.

ఎక్కువమందికి తెలియని విషయం: కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది

పోయిన ఎండాకాలంలో ఒక రైతు మధ్యాహ్నం పూట ఫోన్ చేశాడు. "సారూ, పైన ఎండ మండుతుంది, ప్యానెళ్లు కొత్తయి, ఇంట్ల ఫ్యాన్ తిరుగుతలేదు. మోసం చేసిన్రా ఏంది?" అని. మోసం కాదు. వాళ్ల ఊళ్లో లైను మరమ్మతు జరుగుతున్నది.

సబ్సిడీ మీద ఎక్కువగా పెట్టేది గ్రిడ్‌కు కలిపే పద్ధతి. పగలు మీ ప్యానెల్ తయారు చేసిన కరెంటు ముందు ఇంట్లో వాడకానికి పోతుంది, మిగిలింది లైనులోకి పోతుంది. రాత్రి మీరు లైను నుంచి తీసుకుంటారు. రెండు వైపులా లెక్కించే నెట్ మీటరు పోయింది ఎంత, వచ్చింది ఎంత చూపిస్తుంది. తేడాకే బిల్లు. ఎక్కువ పంపితే తర్వాతి బిల్లులకు జమ అవుతుంది.

లైనులో కరెంటు లేనప్పుడు ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. అలా ఆగకపోతే స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్‌కు మీ ఇంటి నుంచి షాకు కొడుతుంది. అది ప్రాణ రక్షణ కోసం పెట్టిన ఏర్పాటు. ఎవరైనా మెకానిక్ "దాన్ని తప్పించి ఇస్తా" అంటే ఇంట్లోకి రానివ్వకండి.

కరెంటు పోయినా వెలగాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ పద్ధతి కావాలి. బ్యాటరీకి సబ్సిడీ లేదు, ఖర్చు బాగా పెరుగుతుంది, కొన్నేళ్లకు బ్యాటరీ మార్చాలి. రెండు బల్బులు, రెండు ఫ్యాన్ల కోసం అయితే ఇప్పుడు ఇళ్లలో ఉన్న మామూలు ఇన్వర్టరు చాలు.

సర్వీసు ఎవరి పేరు మీద ఉంది?

ఇది నా సొంత అనుభవం. ఊళ్లో మా ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టిద్దామని ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేశాను. ఇరవై ఎనిమిదేళ్లు ఊరూరా తిరిగి రైతులకు "కాగితాలు సరి చూసుకోండి" అని చెప్పినవాణ్ని, నా కాగితం నేను చూసుకోలేదు. మీటరు చనిపోయిన మా నాయన పేరు మీదే ఉంది. దరఖాస్తులో పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా పేరు కలవక ఆగిపోయింది. ముందు సర్వీసు పేరు మార్పించుకొని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేసరికి నెలలు గడిచాయి.

మన ఊళ్లలో సగం మీటర్లు తాతల పేర్ల మీదే ఉంటాయి. కాబట్టి సోలార్ కంపెనీతో మాట్లాడకముందే ఈ మూడు చూసుకోండి:

- మీటరు మీ పేరు మీద ఉందా? లేకపోతే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సమ్మతి, ఇంటి పన్ను రశీదుతో పేరు మార్పుకు దరఖాస్తు చేయండి.
- బిల్లు మీద పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు ఒకే తీరుగా ఉన్నాయా?
- పాత బకాయి ఏమైనా ఉందా? ఉంటే కట్టేయండి.

అన్నదమ్ములు పంచుకున్న ఇల్లు అయితే పైకప్పు ఎవరి వాటా అన్నది కూడా ముందే మాట్లాడుకొని కాగితం రాసుకోండి. ప్యానెల్ పాతికేళ్లు ఉండేది. ఇవాళ లేని తగాదా రేపు రావచ్చు.

ఇంటి కప్పు, నీడ, దిక్కు

ఒక కిలోవాట్‌కు నీడ పడని స్థలం సుమారు 100 చదరపు అడుగులు కావాలి. 3 కిలోవాట్లకు 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పడతాయి. ఒక్కొక్కటి దాదాపు ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు, పాతిక కిలోలకు పైగా బరువు.

స్లాబు ఇల్లయితే బరువుకు ఇబ్బంది ఉండదు. గూన పెంకుల ఇల్లు, పాత సిమెంటు రేకుల ఇల్లు అయితే కప్పు మీద నేరుగా బిగించవద్దు. గోడలు, దూలాలు ఆ బరువు కన్నా గాలి లాగుడుకు ఆగవు. ఇంటి ఆవరణలోనే ఇనుప స్తంభాలతో గట్టి షెడ్డు వేసి దానిపై పెట్టించుకోవచ్చా అన్నది డబ్బు కట్టకముందే మీ సెక్షన్ ఏఈని అడిగి తేల్చుకోండి.

దిక్కు దక్షిణం. వాలు 15 నుంచి 18 డిగ్రీలు, మన ప్రాంతానికి అదే సరి. ఈశాన్యం, వాస్తు అంటూ ఉత్తరానికి తిప్పితే ఏడాది పొడవునా దిగుబడి తగ్గుతుంది.

నీడ విషయంలో చాలామంది మోసపోయేది మే నెలలో చూసి. మే నెలలో మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి మీద ఉంటాడు, ఏ చెట్టు నీడా దూరం పడదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి దిగుతాడు. అప్పుడు మధ్యాహ్నం 12 గంటలకే 20 అడుగుల చెట్టు నీడ 18 అడుగుల దాకా ఉత్తరం వైపు పడుతుంది, ఉదయం సాయంత్రం ఇంకా పొడవు. కాబట్టి ఇంటికి దక్షిణం వైపు ఉన్న వేపచెట్టు, నీళ్ల ట్యాంకు, పక్కింటి పై అంతస్తు గమనించండి. ప్యానెళ్లు ఒకదానికొకటి గొలుసులా కలిపి ఉంటాయి. ఒక్క ప్యానెల్ మీద నీడ పడితే మిగతా వాటి దిగుబడి కూడా దెబ్బతింటుంది. కాలువలో ఒకచోట గండి అడ్డం పడితే కింది మడులన్నిటికీ నీళ్లు తగ్గినట్టే.

ఎండ ఎంత వేడిగా ఉంటే అంత కరెంటు అనేది కూడా నిజం కాదు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. మే నెలలో ప్యానెల్ 60 డిగ్రీలు దాటి కాలుతుంది, అప్పుడు దిగుబడి 10 శాతానికి పైగా పడిపోతుంది. అందుకే కింద గాలి ఆడేలా ఎత్తులో పెట్టాలి.

మిరపకాయలు ఎక్కడ ఆరబోస్తారు?

పట్నంలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు, మనం అడగాలి. మన ఇళ్లలో స్లాబు అంటే మిర్చి, మక్కలు, పసుపు ఆరబోసే కల్లం. రెండడుగుల స్టాండ్ మీద ప్యానెళ్లు పరిచేస్తే సగం స్లాబు పోతుంది. ఆరు, ఏడు అడుగుల ఎత్తు స్టాండ్ వేయిస్తే కింద నడవొచ్చు, పక్కన ఆరబోసుకోవచ్చు. దానికి అదనంగా పది, ఇరవై వేలు అడుగుతారు. స్లాబు వాడకం ఉన్న ఇంటికి ఆ ఖర్చు పెట్టడమే మంచిది.

అయితే ఎత్తు పెరిగిన కొద్దీ గాలి దుమారానికి పట్టు ఎక్కువ దొరుకుతుంది. ఏప్రిల్, మే నెలల గాలివానలకు రేకులు ఎగిరిపోవడం మనం ప్రతి ఏడూ చూస్తున్నాం. కాబట్టి:

- స్టాండ్ జీఐ ఇనుముతో ఉండాలి, పూత 80 మైక్రాన్లకు తగ్గకూడదు. రంగు వేసిన మామూలు ఇనుము నాలుగు వానలకు తుప్పు పడుతుంది.
- కాళ్లకు కాంక్రీటు దిమ్మెలు కట్టించాలి. స్లాబుకు బోల్టులు వేస్తే ఆ రంధ్రాల చుట్టూ నీరు దిగకుండా కెమికల్ నింపించాలి. లేకపోతే మొదటి వానకే ఇంట్లో కారుతుంది.
- వైర్లు బయట వేలాడకూడదు, మొత్తం పైపులో పోవాలి. మన ఊళ్లలో కోతుల సంగతి చెప్పనక్కర లేదు. వేలాడే వైరు కనిపిస్తే అవి లాగకుండా ఉండవు. ఎలుకలు కూడా కొరుకుతాయి.

పిడుగు, ఎర్తింగ్

మన తెలంగాణ పల్లెల్లో పిడుగులు పొలంలో మనుషులను, పశువులను తీసుకుపోవడం ఏటా వింటున్నాం. ఇంటి మీద ఎత్తులో ఇనుము, గాజు పెట్టినప్పుడు ఎర్తింగ్ మీద బేరం ఆడకండి. మూడు వేర్వేరు ఎర్త్ గుంతలు ఉండాలి: ఒకటి పిడుగు కడ్డీకి, ఒకటి ప్యానెళ్లు, స్టాండ్‌కు, ఒకటి ఇన్వర్టరు నుంచి ఇంటికి వచ్చే ఏసీ లైనుకు. కొందరు ఖర్చు మిగలడానికి మూడింటినీ ఒకే గుంతకు కలుపుతారు. అలా చేస్తే పిడుగు కడ్డీ పట్టిన పోటు ఇంట్లోకే వస్తుంది. తవ్వేటప్పుడు దగ్గర ఉండి మూడు గుంతలు లెక్క పెట్టుకోండి, ఫోటో తీసి పెట్టుకోండి.

దరఖాస్తు ఎలా?

1. పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో గానీ, యాప్‌లో గానీ మీ రాష్ట్రం, డిస్కం, బిల్లు మీద ఉన్న యూనిక్ సర్వీస్ నంబరు, మొబైల్ నంబరుతో నమోదు చేయాలి. మన జిల్లాలకు ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ, వరంగల్ ఎంచుకోవాలి. చేతకాకపోతే మీ-సేవ వాళ్ల సాయం తీసుకోండి, ఓటీపీ మాత్రం మీ చేతిలోనే ఉండాలి.
2. 2024లో మారిన నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక సాధ్యత పరిశీలన అవసరం లేకుండానే అనుమతి వస్తుంది. 5 కిలోవాట్ల వరకు లైను, ట్రాన్స్‌ఫార్మర్ బలోపేతం చేయాల్సి వస్తే ఆ ఖర్చు డిస్కందే. "ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు మీరే ఇవ్వాలి" అని ఎవరైనా అంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి.
3. పోర్టల్‌లో నమోదైన వెండర్ల జాబితా నుంచి కనీసం ముగ్గురి దగ్గర రాతపూర్వక కొటేషన్లు తీసుకోండి.
4. వెండర్ బిగించాక నెట్ మీటరుకు దరఖాస్తు, డిస్కం తనిఖీ, ప్రారంభ నివేదిక. 
5. ఆ తర్వాత పోర్టల్‌లో బ్యాంకు వివరాలు, రద్దు చేసిన చెక్కు ఎక్కిస్తే సబ్సిడీ మీ ఖాతాలోకి వస్తుంది.

లోను కావాలంటే ప్రభుత్వ బ్యాంకులు 3 కిలోవాట్ల వరకు పూచీకత్తు లేకుండా ఇస్తున్నాయి. వడ్డీ రిజర్వు బ్యాంకు రెపో రేటును బట్టి మారుతుంది. భూమి పట్టా పాస్‌బుక్ కుదువ పెట్టమంటే ఒప్పుకోవద్దు. పంట రుణానికి అక్కరకొచ్చే పాస్‌బుక్ అది.

మోసాల దగ్గర జాగ్రత్త

ఒక ఊళ్లో బండి మీద వచ్చినతను "ప్రభుత్వ ఉచిత సోలార్, ఇంటికి ఐదువేలు రిజిస్ట్రేషన్" అని ఆధార్ జిరాక్సులు, నగదు వసూలు చేసి పోయాడు. మళ్లీ కనిపించలేదు. ఇచ్చినవాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు. పోయింది ఐదువేలే అని ఊరుకున్నారు గానీ, ఆ ఐదువేలు ఒక కూలి ఇంటికి పది, పన్నెండు రోజుల పని.

- నగదు ఇవ్వకండి. ఏదైనా బ్యాంకు ద్వారా, రశీదుతో ఇవ్వండి.
- మొత్తం సొమ్ము ముందే ఇవ్వకండి. సామాను దిగాక కొంత, బిగించాక కొంత, మీటరు తిరిగాక మిగతాది అని ఒప్పందంలో రాయించండి.
- సబ్సిడీ రావాలంటే ప్యానెల్ మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినదే అయి ఉండాలి. దాన్ని డీసీఆర్ ప్యానెల్ అంటారు. బిల్లులో ఆ మాట రాయించండి. చౌకగా వచ్చింది కదా అని వేరేది బిగిస్తే 78,000 పోతాయి.
- ఐదేళ్ల ఉచిత నిర్వహణ వెండర్ బాధ్యత. ప్యానెల్ దిగుబడికి 25 ఏళ్ల హామీ, ఇన్వర్టరుకు ఎన్నేళ్లో వేరుగా రాయించండి. ముందు పాడయ్యేది ఇన్వర్టరే.
- వెండర్ ఆఫీసు ఎక్కడుంది? హన్మకొండ, జనగామ, మహబూబాబాద్‌లో మనిషి ఉన్నాడా, లేక ఫోన్ నంబరు ఒక్కటేనా? వాళ్లు అంతకుముందు పెట్టిన ఇంటికి ఒకసారి పోయి ఇంటి ఆడవాళ్లను అడగండి. అసలు సంగతి వాళ్లే చెబుతారు.

పథకం గురించి సందేహాలకు 15555, కరెంటు ఫిర్యాదులకు 1912 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

పెట్టించాక సంరక్షణ

పెద్ద పని ఏమీ లేదు. దుమ్ము తుడవాలి. వరి కోతలప్పుడు హార్వెస్టర్ దుమ్ము, పత్తి ఏరేటప్పుడు నూగు, మట్టి రోడ్డు పక్కన ఇల్లయితే బండ్ల దుమ్ము ప్యానెల్‌ను కప్పేస్తాయి. వానలు లేని నెలల్లో 15 రోజులకోసారి కడగండి. సూర్యుడు పైకి రాకముందే కడగాలి. కాలుతున్న గాజు మీద చల్లటి నీళ్లు పోస్తే పగులుతుంది. సర్ఫు, పీచు వాడవద్దు, మెత్తటి గుడ్డ చాలు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే తెల్లటి పొర కడుతుంది కాబట్టి మిషన్ భగీరథ నీళ్లు గానీ, పట్టి పెట్టుకున్న వాన నీళ్లు గానీ వాడండి. ప్యానెల్ మీద కాలు పెట్టకండి. ముసలివాళ్లను, పిల్లలను ఆ పనికి ఎక్కించకండి.

ప్రతి నెలా ఒకే తారీకున ఇన్వర్టరు మీద యూనిట్లు చూసి క్యాలెండర్‌లో రాసుకోండి. జూలై, ఆగస్టు ముసురులో తగ్గడం మామూలే. ఎండలున్న నెలలో ఒక్కసారిగా పడిపోతే ఎక్కడో లోపం ఉన్నట్టు, వెండర్‌ను పిలవండి.

పొలంలో సోలార్ సంగతి?

ఉచిత కరెంటు ఉన్న బోరుకు సోలార్ మోటారు పెట్టాల్సిన తొందర లేదు. కానీ లైను లేని చోట సంగతి వేరు. పోడు పట్టాలు పొందిన గిరిజన రైతుల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2025 మే 19న నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో 'ఇందిర సౌర గిరి జల వికాసం' ప్రారంభించింది. 2 లక్షల 10 వేల మంది రైతులకు, 6 లక్షల ఎకరాలకు సోలార్ పంపుసెట్లతో నీళ్లివ్వడం లక్ష్యం, మొత్తం ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పోడు పట్టాదారులు ఐటీడీఏ కార్యాలయంలో తమ పేరు గురించి అడిగి తెలుసుకోండి. దీనికోసం ఎవరికీ డబ్బు ఇవ్వాల్సిన పని లేదు.

అదే నాగర్‌కర్నూల్ జిల్లాలో కొండారెడ్డిపల్లి ఊరంతా సోలార్ పెట్టారు. అక్కడ 480 ఇళ్లకు 3 కిలోవాట్ల చొప్పున బిగించారు. అది చూసి "వాళ్లకు వచ్చింది, మనకెందుకు రాదు" అంటున్నారు. అక్కడ కేంద్ర సబ్సిడీకి తోడు ఒక కంపెనీ సామాజిక బాధ్యత నిధులు, ప్రభుత్వ నిధులు కలిసాయి, ఇంటివాళ్ల మీద భారం పడలేదు. అటువంటి ఏర్పాటు మీ ఊరికి వస్తే తప్పకుండా తీసుకోండి, అప్పుడు జీరో బిల్లు ఇల్లయినా నష్టం లేదు. సొంత డబ్బుతో, అప్పుతో పెట్టేటప్పుడే పైన చెప్పిన లెక్క.

చివరగా

మా ఇంటి మీద ప్యానెళ్లు ఇప్పుడు నడుస్తున్నాయి. ఉమ్మడి కుటుంబం, రెండు ఫ్రిజ్‌లు, గడ్డి మిషన్ ఉన్న ఇల్లు కాబట్టి మాకు లెక్క కుదిరింది. మా వీధిలోనే ఉండే ఒక చిన్న రైతు వచ్చి "సార్ పెట్టుకున్నడు, నేనూ పెట్టుకుంట" అన్నాడు. బిల్లు తెమ్మన్నాను. 92 యూనిట్లు, జీరో బిల్లు. వద్దని చెప్పి పంపాను. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. ఆ సొమ్ముతో తర్వాత పాత మిత్తి అప్పు కట్టేశాడని తెలిసి సంతోషించాను.

పక్కింటి వాళ్లు పెట్టారని పెట్టవద్దు, ఎవరో వద్దన్నారని మానవద్దు. పన్నెండు నెలల బిల్లులు, మీటరు మీద పేరు, డిసెంబరు నీడ, మూడు కొటేషన్లు. ఈ నాలుగూ చేతిలో పెట్టుకొని మీ మండల వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరకో, సెక్షన్ ఏఈ దగ్గరకో వెళ్లండి. కూర్చొని లెక్క వేసుకున్నాకే సంతకం చేయండి.